ఆర్వీ షోకి వెళ్లి, కొనకుండా తిరిగి రావడం ఎలా?

ఏటా సెప్టెంబర్ మధ్యలో పెన్సిల్వేనియాలోని హెర్షీలో జెయింట్ సెంటర్ చుట్టూ ఉన్న పార్కింగ్ స్థలాలు ఆర్వీలతో, అంటే లోపలే మంచం, వంటగది, బాత్రూం ఉండే బళ్లతో నిండిపోతాయి. కారు వెనక తగిలించుకునే చిన్న ట్రైలర్ల నుంచి బస్సంత మోటార్‌హోమ్‌ల దాకా వెయ్యికి పైగా బళ్లు తలుపులు తెరుచుకుని వరసల్లో నిలబడి ఉంటాయి. ఎడిసన్ నుంచి దాదాపు రెండున్నర గంటల డ్రైవ్ కాబట్టి న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్లు ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. దక్షిణాన ఉన్నవాళ్లకి జనవరిలో టాంపాలోని ఫ్లోరిడా స్టేట్ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో ఫ్లోరిడా ఆర్వీ సూపర్‌షో ఉంటుంది.

డీలర్ దగ్గరికి వెళ్తే అతను అమ్మే బ్రాండ్లే కనిపిస్తాయి. షోలో ఒకే రోజు, ఒకే సైజు బళ్లని పది కంపెనీలవి ఎక్కి దిగి పోల్చుకోవచ్చు. అసలు లాభం అదే. కొనడానికి మాత్రం అది అంత మంచి చోటు కాదని నా అభిప్రాయం. చూసి రమ్మంటే కాల్చి వచ్చినట్టు, సరదాగా చూద్దామని వెళ్లి సాయంత్రానికి ఇరవై ఏళ్ల లోన్ మీద సంతకం పెట్టి వచ్చేవాళ్లు ఉంటారు. షోకి వెళ్లేది మనకి పనికిరానివాటిని ఏరి పక్కన పెట్టడానికి అనుకుంటే ఆ రోజంతా వేరేలా గడుస్తుంది.

1. ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సినవి

రకాలు స్థూలంగా ఇవి. క్లాస్ ఏ అంటే బస్సు ఆకారం, క్లాస్ బీ అంటే వ్యాన్, క్లాస్ సీ అంటే డ్రైవర్ తల మీదకి మంచం పొడుచుకొచ్చినట్టు ఉండేది. ఈ మూడింటికీ ఇంజిన్ ఉంటుంది, వీటినే మోటార్‌హోమ్‌లు అంటారు. ట్రావెల్ ట్రైలర్‌ని కారో ట్రక్కో లాగాలి. ఫిఫ్త్ వీల్ అంటే ముందు భాగం ట్రక్కు వెనక తొట్టి మీదకి వచ్చి కూర్చునే ట్రైలర్, దాన్ని లాగాలంటే పికప్ ట్రక్కే కావాలి.

వీటిలో ఏది కావాలన్నది మీరు ఎక్కడికి వెళ్తారు, ఎవరితో వెళ్తారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కులో గోయింగ్ టు ది సన్ రోడ్ కొండ భాగం మీదకి బంపర్లతో కలిపి 21 అడుగుల కంటే పొడవున్న బండిని రానివ్వరు. అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు దాటినా అంతే. నేషనల్ పార్కుల్లో చాలా క్యాంప్‌గ్రౌండ్లు పాతకాలపు చిన్న బళ్ల కోసం కట్టినవి. పొడవు పెరిగేకొద్దీ బుకింగ్ దొరికే చోట్లు తగ్గుతాయి. మీరు వెళ్లాలనుకునే పార్కుల్లో ఒక ఐదారింటికి పొడవు పరిమితి చూసి కాగితం మీద రాసుకోండి.

ఇంకో సంగతి చాలామందికి చివర్లో గుర్తొస్తుంది. మీ కమ్యూనిటీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) డ్రైవ్‌వేలో ఆర్వీ పెట్టనిస్తుందా? చాలా చోట్ల పెట్టనివ్వరు. అప్పుడు నెలనెలా స్టోరేజ్ అద్దె కట్టాలి. ఇన్సూరెన్స్, టైర్లు, చలికాలం ముందు పైపుల్లో నీళ్లు తీయించడం, ఇవన్నీ కలిపితే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

2. మీ కారు తలుపు దగ్గరున్న స్టిక్కర్‌ని ఫోటో తీయండి

ట్రైలర్ ఆలోచన ఉన్నవాళ్లకి ఇది అన్నిటికంటే ముఖ్యం. షోలో 'మీ కారు దీన్ని ఈజీగా లాగేస్తుంది' అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాళ్ల మాటని లెక్క వేసి చూడాలి.

మన ఇళ్లలో కనిపించే సియెన్నా, ఒడిస్సీ, మోడల్ వై లాంటి బళ్లు సరైన ఏర్పాటు ఉంటే లాగగలిగేది సుమారు 3,500 పౌండ్లు. పెట్రోల్ హైలాండర్ 5,000 దాకా లాగుతుంది. అందరూ చూసేది ఈ అంకెనే. కానీ డ్రైవర్ తలుపు తీస్తే లోపలి అంచు మీద 'మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదు' అని ఇంకో అంకె ఉంటుంది. అది పేలోడ్. ట్రైలర్ ముందు భాగం హిచ్ మీద, అంటే కారు వెనక దాన్ని తగిలించే కొక్కెం మీద మోపే బరువు కూడా ఈ పేలోడ్‌లోంచే పోతుంది. దాన్నే టంగ్ వెయిట్ అంటారు. మామూలుగా ట్రైలర్ మొత్తం బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలి.

ఉదాహరణకి పేలోడ్ 1,200 పౌండ్లు అనుకుందాం. మీరిద్దరూ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నా, ఇద్దరు పిల్లలూ కలిపి 720 పౌండ్లు. బ్యాగులు, కూలర్, పచ్చళ్ల జాడీలు ఇంకో 100. మిగిలింది 380. నిండా సామానుతో 3,500 పౌండ్లున్న ట్రైలర్‌కి 12 శాతం లెక్కన టంగ్ వెయిటే 420 అవుతుంది. అంటే లాగే శక్తి సరిపోయినా మోసే శక్తి చాలదు. ఈ లెక్క షోకి వెళ్లకముందే వేసుకుంటే సగం బళ్ల దగ్గర ఆగాల్సిన పనే ఉండదు.

లెక్కలోకి తీసుకోవాల్సింది బ్రోషర్‌లో పెద్దగా వేసే ఖాళీ బరువు కాదు, జీవీడబ్ల్యూఆర్, అంటే సామానుతో కలిపి ట్రైలర్ ఉండగలిగే గరిష్ఠ బరువు. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు. 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే ఒక్క నీళ్లకే 330 పౌండ్లు దాటుతుంది. దానికి తోడు గ్యాస్, బ్యాటరీ, గిన్నెలు, దుప్పట్లు.

3. రోజు, వేళ

కుదిరితే బుధ, గురువారాల్లో, గేటు తెరిచే వేళకే వెళ్లండి. శనివారం మధ్యాహ్నం ఒక్కో బండి ముందు క్యూ ఉంటుంది, లోపల మంచం మీద కూర్చుని చూసే వీలుండదు. టాంపా లాంటి కొన్ని షోలలో ఒకే టికెట్ మీద రెండో రోజు కూడా రానిస్తారు. అలాంటి వెసులుబాటు ఉందేమో టికెట్ కొనేటప్పుడు చూసుకోండి. కొలత టేపు, పెన్ను, పవర్ బ్యాంకు, బాగా నడవగలిగే బూట్లు చాలు. అమ్మానాన్నలు మీతో ప్రయాణం చేసేటట్టయితే షోకి కూడా తీసుకెళ్లండి. మెట్లు ఎక్కడం, మంచం ఎత్తు గురించి వాళ్ల మోకాళ్లు చెప్పేది ఏ బ్రోషర్‌లోనూ ఉండదు.

ముందురోజు షో మ్యాప్ తీసుకుని మీ పొడవు, బరువు పరిమితుల్లోకి వచ్చే మోడళ్ల దగ్గర గుర్తు పెట్టుకోండి. ఇక్కడ ఒక విషయం తెలిసుంటే మంచిది. అమెరికా ఆర్వీల్లో ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రంలో, ఎల్‌కార్ట్ చుట్టుపక్కలే తయారవుతాయి. బ్రాండ్లు పదుల్లో ఉన్నా యజమానులు కొందరే. ఎయిర్‌స్ట్రీమ్, జేకో, కీస్టోన్ బ్రాండ్లు థోర్ అనే కంపెనీ చేతిలో ఉన్నాయి. గ్రాండ్ డిజైన్, న్యూమార్ విన్నెబాగో కంపెనీ చేతిలో ఉన్నాయి. ఫారెస్ట్ రివర్ వారెన్ బఫెట్ పేరుతో ముడిపడ్డ బెర్క్‌షైర్ హాథవేది. అందుకే వేర్వేరు స్టాళ్లలో దాదాపు ఒకేలాంటి ఫ్లోర్ ప్లాన్ కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

4. మొదటి చుట్టు వేగంగా

మొదటి రెండు గంటలు ఏ బండిలోనూ ఎక్కువసేపు ఉండకండి. ఎక్కగానే ముందు మోడల్ పేరు, ధర ఉన్న కాగితాన్ని ఫోటో తీసి, ఆ తర్వాత లోపలి ఫోటోలు తీయండి. ఈ వరస తప్పితే రాత్రి ఫోన్ తెరిచాక ఏ వంటగది ఏ బండిదో పోల్చుకోలేరు. నచ్చనిదాన్ని అక్కడే కొట్టేయండి. ఒక నాలుగైదు మిగిలాక మళ్లీ వాటి దగ్గరికి వెళ్లండి.

5. రెండో చుట్టులో అందులో బతికి చూడండి

సిగ్గుపడకుండా మంచం మీద ఇద్దరూ పడుకోండి. గోడవైపు ఉన్న మనిషి రాత్రి లేవాలంటే ఇంకొకరి మీదుగా దాటాలా? బాత్రూంలోకి వెళ్లి తలుపు మూసుకుని కూర్చోండి, మోకాళ్లు తలుపుకి తగులుతున్నాయా చూడండి. షవర్‌లో నిలబడి తలంటుకుంటున్నట్టు చేతులు పైకెత్తండి. వాడటం మాత్రం చేయకండి. షోలో ఆ టాయిలెట్లు పనిచేయవు. అయినా ఎవరో ఒకరు వాడేస్తుంటారని అక్కడివాళ్లు మొత్తుకుంటారు.

తర్వాత వంటగది. మనవాళ్లు ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. అమ్మేవాళ్లు చూపించేది కాఫీ మేకర్, ఎలక్ట్రిక్ ఫైర్‌ప్లేస్. మనకి కావాల్సింది తాళింపు పొగ ఎటు పోతుందన్నది. పొయ్యి మీదున్న ఫ్యాన్ గాలిని బయటికి పంపుతుందా, లేక ఫిల్టర్ గుండా తిప్పి మళ్లీ లోపలికే వదులుతుందా అని అడగండి. బయటికి పోకపోతే ఎండుమిర్చి వేగగానే పొగ అలారం కూయడం ఖాయం, పక్కనే ఉన్న పరుపుకి వాసన పట్టడం ఇంకా ఖాయం. ఐదు లీటర్ల కుక్కర్ పట్టేంత ఎత్తు పొయ్యికీ పైన అలమారుకీ మధ్య ఉందో లేదో టేపుతో కొలవండి. కుక్కర్ దించి పెట్టడానికి అరచేతి వెడల్పైనా గట్టు ఉండాలి.

కరెంటు సంగతి కూడా ఇక్కడే అడగాలి. క్యాంప్‌గ్రౌండ్‌లో తగిలించే ప్లగ్గుని బట్టి బళ్లు రెండు రకాలు. 30 ఆంప్ బండికి వచ్చేది 3,600 వాట్లు. 50 ఆంప్ బండికి 12,000. ఏసీ నడుస్తుండగా 1,800 వాట్ల ఇండక్షన్ స్టవ్ వేసి మైక్రోవేవ్ కూడా ఆన్ చేస్తే 30 ఆంప్ బండిలో బ్రేకర్ పడిపోతుంది.

ట్యాంకులు మూడు ఉంటాయి. మంచినీళ్లది, గిన్నెలు, స్నానం నీళ్లు పోయే గ్రే, టాయిలెట్‌ది బ్లాక్. టాయిలెట్‌లో నీళ్లు వాడే మన అలవాటుకి బ్లాక్ ట్యాంకు కంపెనీ వాళ్లు అనుకున్న దానికంటే త్వరగా నిండుతుంది. రెండు బళ్ల మధ్య తేల్చుకోలేకపోతే ట్యాంకు పెద్దదున్న దానివైపు మొగ్గండి.

స్లైడ్ గురించి చాలామంది మర్చిపోతారు. గోడ బయటికి జరిగి హాలు విశాలమయ్యే ఏర్పాటు అది. షోలో అన్నీ బయటికి జరిపే ఉంచుతారు, అందుకే లోపల అంత పెద్దగా కనిపిస్తుంది. దారిలో రెస్ట్ ఏరియాలో ఆగినప్పుడు స్లైడ్ మూసే ఉంటుంది. అప్పుడు బాత్రూంకి దారి ఉందా? ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటుందా? జనం మధ్యలో మూసి చూపించలేరు కాబట్టి స్లైడ్ ఎక్కడిదాకా వస్తుందో చేత్తో చూపించమనండి.

'ఎనిమిది మందికి పడక' అని రాసి ఉంటే పడుకోవడానికి మాత్రమే. మోటార్‌హోమ్‌లో సీటు బెల్టులు ఎన్నున్నాయో మీరే లెక్కపెట్టండి, తరచుగా తక్కువే ఉంటాయి. పక్కకి తిరిగి ఉన్న సీటులో పిల్లల కారు సీటు బిగించకూడదు. ట్రావెల్ ట్రైలర్‌లో అయితే చాలా రాష్ట్రాల్లో నడుస్తుండగా ఎవరూ కూర్చోకూడదు.

6. దిగి బయట చూడండి

తలుపు దగ్గర పసుపు స్టిక్కర్ మీద ఆ బండి ఎంత బరువు మోయగలదో ఉంటుంది. ట్రైలర్‌కైతే సామాను మాత్రమే, మోటార్‌హోమ్‌కైతే మనుషులూ సామానూ కలిపి. లోపల ఎంత బాగున్నా ఈ అంకె చిన్నదైతే ఆ అలమార్లన్నీ ఖాళీగానే ఉంచుకోవాలి. టైరు పక్కన DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి, 2324 అంటే 2024లో 23వ వారంలో చేసిన టైరు. సామాను అరల తలుపుల రబ్బరు, కిటికీల చుట్టూ సీలెంట్ చూడండి. ఆర్వీకి మొదటి శత్రువు లోపలికి దిగే వాన నీరే. షోకి తెచ్చే బండిని ప్రత్యేకంగా తీర్చిదిద్ది తెస్తారు. దాంట్లోనే చెక్క అంచులు ఊడి వేలాడుతుంటే మిగతావి ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు.

7. ఎవరితో ఏం మాట్లాడాలి

స్టాల్‌లో తయారీ కంపెనీ మనుషులు, డీలర్ మనుషులు ఇద్దరూ ఉంటారు. గోడల్లో ప్లైవుడ్ వాడారా, నీటికి ఉబ్బని కాంపోజిట్ షీటు వాడారా లాంటివి కంపెనీవాళ్లని అడగండి. డీలర్‌ని అడగాల్సింది రిపేరు గురించి. వాళ్ల సర్వీస్ సెంటర్ మీ ఇంటికి ఎంత దూరం, జూన్‌లో వారంటీ పనికి తెస్తే ఎన్నాళ్లు ఉంచుకుంటారు, వేరే డీలర్ దగ్గర కొన్న బండిని ముట్టుకుంటారా? షోలో అమ్మే డీలర్ నాలుగు గంటల దూరం నుంచి వచ్చి ఉండొచ్చు. ప్రతి చిన్న రిపేరుకీ అంత దూరం లాక్కెళ్లాలంటే డిస్కౌంట్ ఎంతిచ్చినా గిట్టుబాటు కాదు.

ఉచిత సెమినార్లు ఉంటే ఒకటైనా వినండి. టోయింగ్ (ట్రైలర్ లాగడం) గురించి, టైర్ల గురించి చెప్పేవి బాగుంటాయి.

8. ధర మాట వస్తే

ఎంఎస్‌ఆర్‌పీ, అంటే కంపెనీ సూచించే ధర నుంచి ఎంత తగ్గించారన్నది పట్టించుకోకండి. ఆ ధరకి ఎవరూ కొనరు. పన్నులు, డాక్యుమెంట్ ఫీజు, ప్రెప్ ఫీజు (బండిని సిద్ధం చేసి ఇచ్చినందుకు తీసుకునేది), రవాణా అన్నీ కలిపి చేతికి వచ్చే ధర ఎంతో కాగితం మీద రాసివ్వమనండి. నెలకి ఇంతే అంటే అక్కడే లెక్క వేయండి. 50,000 డాలర్ల లోన్‌కి 8 శాతం వడ్డీ, 20 ఏళ్లు అయితే నెలకి 418 డాలర్లు. వినడానికి బాగానే ఉంటుంది. మొత్తం కట్టేది లక్ష దాటుతుంది. మధ్యలో అమ్ముదామంటే అమ్మబోతే అడవి అన్న సామెతే.

'ఈ ధర ఈ వారాంతం వరకే' అంటారు. 'సరే, రాసివ్వండి' అనండి. చాలామంది ఒక భ్రమలో ఉంటారు, మూడు రోజుల్లో రద్దు చేసుకోవచ్చు కదా అని. అలాంటి ఫెడరల్ నియమం ఉన్న మాట నిజమే. కానీ శాశ్వత షోరూం ఉన్న వ్యాపారి తాత్కాలిక స్థలంలో మోటారు వాహనం అమ్మితే అది వర్తించదు. డిపాజిట్ కట్టక తప్పదనిపిస్తే, తిరిగిస్తామని, బండిని స్వతంత్ర ఇన్‌స్పెక్టర్ చేత చూపించుకున్నాకే కొనుగోలు ఖాయమని రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోకపోతే బయటికి నడవండి.

9. ఇంటికొచ్చాక

ఆ రాత్రే ఫోటోలు చూస్తూ జాబితాని రెండుకి కుదించండి. రెండు రోజులాగితే అన్నీ కలిసిపోతాయి. తర్వాత అవే ఫ్లోర్ ప్లాన్లు అవుట్‌డోర్సీ, ఆర్వీషేర్ లాంటి వెబ్‌సైట్లలో అద్దెకి దొరుకుతాయేమో వెతకండి. సరిగ్గా అదే మోడల్ దొరక్కపోయినా అదే పొడవు, అదే అమరికది దొరుకుతుంది. కుటుంబమంతా ఒక వారాంతం అందులో ఉండి వండుకోండి, ట్యాంకు ఖాళీ చేయండి, వెనక్కి పార్క్ చేయడం నేర్చుకోండి. అప్పటికీ కావాలనిపిస్తే షోలో రాయించుకున్న ధర కాగితం పట్టుకుని, మీ ఇంటికి దగ్గర్లో సర్వీస్ బాగా చేసే డీలర్‌కి ఫోన్ చేయండి. చలికాలంలో, అడిగేవాళ్లు తక్కువగా ఉన్నప్పుడు చేస్తే బేరం ఆడటానికి వీలుంటుంది.