విశ్వాసపు అడుగు – 4వ పాఠం: గొర్రెబొచ్చు గొడవ

పోయిన పాఠం చివర "ఈ వారం ఒక అడుగు వేయండి" అని రాశాను. ఎంత అడుగో చెప్పలేదు, తప్పు నాదే. ఒక తమ్ముడు సోమవారం పొద్దున్నే ఉద్యోగానికి రాజీనామా పెట్టేశాడు. ఒక అక్క మాత్రం ఇంకా సూచన కోసం ఎదురు చూస్తూనే ఉన్నారు. కాబట్టి ఈసారి చెప్పాల్సిన సంఘ పెద్దల సలహా సంగతి వచ్చే పాఠానికి జరిపాను.

తమ్ముడూ, మత్తయి 14 తీయి. యేసు నీళ్ల మీద నడిచి వస్తుంటే చూసి, శిష్యుడు పేతురు ఒక్కసారిగా పడవలోంచి దూకేయలేదు. ముందు సెలవు అడిగాడు. ప్రభువు రమ్మన్నాకే కాలు దించాడు. యేసుని శోధిస్తూ దేవాలయ శిఖరం మీదినుంచి దూకమన్నదెవరో, దానికి వాక్యం కూడా చూపించిందెవరో నీకు తెలుసు. అంతకన్నా చెప్పను.

అక్క విషయంలోనే నాకు చిరాకు. "రాత్రి పదిలోపు ఫోన్ వస్తే ఈ సంబంధం దేవుని చిత్తం" అని ప్రార్థించారట. ఫోన్ పదిన్నరకి వచ్చింది. ఇప్పుడేం చేయాలని నన్నడుగుతున్నారు!

ఇశ్రాయేలీయుల్ని శత్రువుల చేతిలోంచి విడిపించమని దేవుడు పిలిచిన గిద్యోను, సూచన కోసం రాత్రి నేల మీద గొర్రెబొచ్చు పెట్టలేదా అంటారు. పెట్టాడు. న్యాయాధిపతులు 6 వరసగా చదవండి. 14వ వచనంలో దేవుడు వెళ్లమన్నాడు. 16లో తోడుంటానన్నాడు. 21లో రాతిలోంచి అగ్ని లేచింది. గొర్రెబొచ్చు వచ్చేది 36 తర్వాత. పైగా "నీవు సెలవిచ్చినట్లు" అని తన నోటితోనే అంటాడు. అంటే తెలియక అడగలేదు, భయమేసి అడిగాడు. మొదటి రాత్రి బొచ్చు తడిసింది, పిండితే పాత్ర నిండా నీళ్లు. సరిపోయిందా? లేదు. ఈసారి బొచ్చు ఆరి ఉండాలి, నేల తడవాలి అన్నాడు. ఉన్ని మంచు పీల్చుకోవడం మామూలే కదా అని అనుమానం వచ్చిందేమో. సూచన అడిగేవాళ్లకి ఒకదానితో కడుపు నిండదు. అక్కడ చూడాల్సింది దేవుని ఓర్పు. దాన్ని పట్టుకుని మనం ఒక పద్ధతి తయారు చేసుకున్నాం.

డిసెంబరు 31 రాత్రి కొత్త ఏడాదికని తీసే, బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డు కూడా అంతే. ఆదరణ పొందండి, ఫ్రేమ్ కట్టించుకోండి. దాన్ని చూసి ప్లాటు రిజిస్ట్రేషన్ మాత్రం చేయించకండి.

మరి నడిపింపు ఎలా ఉంటుంది? అపొస్తలుల కార్యములు 16లో సువార్త చెప్పబోయిన పౌలుకి ఆసియలో అడ్డు, బితూనియలో అడ్డు. నడుస్తూ త్రోయ పట్టణం చేరాకే, ఎటు వెళ్లాలో చూపే దర్శనం వచ్చింది. మన ఒంగోలు సంగతి నాకు ఇంకా ఇష్టం. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర, మరో నలుగురు అక్కడి కొండెక్కి ఆ ఊరికి ఒక సేవకుణ్ణి ఇమ్మని ప్రార్థించారు. ఆ సేవకుడిగా వచ్చిన మిషనరీ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో వాళ్ల తెలుగు మిషన్ మూసేద్దామన్న మాట వస్తే జూయెట్ ఒప్పుకోలేదు.

తర్వాత 1876–78 కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించారు. ఆకలితో ఉన్నవాళ్లకి పని చూపించడానికి గొర్రెబొచ్చు దేనికి? కానీ బాప్తిస్మం అడిగినవాళ్లని ఆపారు, కూలి కోసం వస్తున్నారేమోనని. కరువు పని అయ్యాక 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఆపడాన్ని కూడా నేను అడుగుగానే లెక్కేస్తాను.

నా అలవాటొకటి చెబుతాను. డైరీలో ఎడమ పేజీలో దేవుడు ఇప్పటికే చెప్పింది, కుడి పేజీలో నేను అడుగుతున్నది, పెన్సిల్‌తో రాస్తాను. సగంసార్లు కుడి పేజీ చెరిపేయాల్సి వస్తుంది.

అభ్యాసం: న్యాయాధిపతులు 6, 7 అధ్యాయాలు మూడుసార్లు, పైకి చదవండి. గిద్యోను భయపడిన ప్రతిచోటా గీత పెట్టండి. మీరు ఎగ్గొడుతున్న అప్పో, అడగని క్షమాపణో ఒకటి ఉంటుంది. శనివారంలోపు తేల్చేయండి, ఏ సూచనా అడక్కుండా.

తమ్ముడికి వేరే అభ్యాసం. నోటీసు పీరియడ్ ఇంకా ఉందన్నావు. రేపు మేనేజరుతో మాట్లాడు. దానికంటే ముందు, ఈ రాత్రే, ఇంట్లో చెప్పు.