పెంట, యూరియా లెక్క - పాఠం 3: ఎకరా చెనిక్కాయకి ఏది ఎంత?

పోయిన పాఠంలో మట్టి శాంపిల్ తీసి టెస్టుకి ఇచ్చాం కదా, రిపోర్టు వచ్చినోళ్ళు ముందు సేంద్రియ కర్బనం (మట్టిలో కుళ్ళిన ఆకు, పెంట వల్ల చేరే సారం) ఎంతుందో చూడండి. 0.5 శాతం దాటకపోతే తక్కువ అని అర్థం, పాకాల, చంద్రగిరి పక్క ఎర్ర ఇసుక నేలల్లో తరచూ వచ్చేది ఇదే. అట్లాంటి కయ్యలో యూరియా చల్లితే పట్టుకోను మట్టిలో ఏమీ ఉండదు, గట్టి వానొస్తే నత్రజని నీళ్ళతోపాటు కిందికి దిగిపోతుంది.

ఇంక లెక్కకొద్దాం. యూరియాలో నత్రజని 46 శాతం, అంటే 45 కిలోల మూటలో 20 కిలోల పైచిలుకు. బాగా మాగిన పెంటలో, అంటే పశువుల ఎరువులో, అర శాతమే, టన్నుకి 5 కిలోలు. ఒక్క మూటకి 4 టన్నుల పెంట సమానమా, ఎవుడు తోలతాడబ్బా అంటారు, కానీ మూటలో ఉండేది నత్రజని ఒక్కటే, పెంటలో భాస్వరం, పొటాష్, జింకు కొంచెం కొంచెం ఉంటాయి, పైగా మట్టిలో జీవాలకి తిండి, తేమ నిలబెట్టే గుణం అదనం. కాకపోతే పెంటలో నత్రజని మొదటి పంటకి మూడో వంతు అందితే గొప్ప, మిగతాది నిదానంగా వస్తుంది.

వర్షాధార చెనిక్కాయకి ఎకరాకి సిఫార్సు నత్రజని 8, భాస్వరం 16, పొటాష్ 20 కిలోలు. 4 టన్నుల పెంట తోలుంటే అందులోంచే 6 కిలోల దాకా నత్రజని వస్తుంది కాబట్టి మిగిలిన 2 కిలోలకి యూరియా 4, 5 కిలోలు చాలు. పెంట లేకపోతే 18 కిలోలు. భాస్వరానికి మనోళ్ళు అలవాటుగా డీఏపీ (నత్రజని, భాస్వరం రెండూ ఉండే ఎరువు) అడుగుతారు, నేనైతే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అనే భాస్వరం ఎరువు 100 కిలోలు వేయమంటా, దాంట్లో కాల్షియం, గంధకం కూడా ఉంటాయి, కాయ గట్టిపడను అవే కావాల. పూతప్పుడు జిప్సం 200 కిలోలు మాత్రం మానొద్దు.

పచ్చి పేడ తోలొద్దు, మాగని పెంటతో వేరుపురుగు వస్తుంది, చెనిక్కాయ వేర్లు కొరికేస్తే మొక్క నిలువునా ఎండిపోతుంది.

ఇంటిపని: లోడు దించేటప్పుడు ఒక గంప పెంట తూకం వేసి, లోడుకి ఎన్ని గంపలో లెక్కేయండి. తడి పెంటైతే సగం బరువు నీళ్ళదే, ఒక కిలో ఎండబెట్టి మళ్ళీ తూచి ఎంత తగ్గిందో రాసిపెట్టుకోండి, పాఠం 4లో జీలుగ, జనుము లాంటి పచ్చిరొట్ట ఎరువుల లెక్కకి ఆ అంకె కావాల.