చేపల తొట్టెకు ఏ రంగు బల్బు వేయాలి

కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం దుకాణాల్లో అక్వేరియంతో పాటు ఏదో ఒక లైటు బిగించి ఇచ్చేస్తారు. ఆ లైటే ఉంచాలా, మార్చాలా అన్నది తేల్చుకోవాలంటే తొట్టెలో చేపలు మాత్రమే ఉన్నాయా, నాచు మొక్కలు కూడా పెంచుతున్నామా అన్నది ముందుగా చూసుకోవాలి. చేపలకు కావలసింది పగలూ రాత్రీ తేడా తెలిసే వెలుతురు మాత్రమే కాబట్టి వాటి విషయంలో రంగు మన కంటి కోసమే. మొక్కలకు మాత్రం వెలుతురే ఆహారం తయారుచేసుకునే ఆధారం.

బల్బు పెట్టె మీద కెల్విన్ లెక్కలో ఒక అంకె ఉంటుంది. 2700 నుంచి 3000 వరకు ఉంటే పసుపు ఛాయ, 4000 దగ్గర మధ్యస్థమైన తెలుపు, 6500 అయితే ‘కూల్ డేలైట్’ పేరుతో అమ్మే తెల్లని వెలుగు వస్తుంది. అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు మొగ్గుతుందే తప్ప కాంతి ఎక్కువవదు. కాంతి ఎంతన్నది ల్యూమెన్ల అంకె చెబుతుంది, వాట్లు కరెంటు ఖర్చును మాత్రమే చెబుతాయి. ఈ మూడింటినీ కలిపేసుకోవడం వల్లనే చాలామంది ఎక్కువ వాట్ల బల్బు కొని తొట్టెను పాచితో నింపుకుంటారు.

మొక్కలున్న తొట్టెకు 6500 కెల్విన్ బల్బు ఎంచుకోండి. ఆకులోని పత్రహరితం ముఖ్యంగా 430–460 నానోమీటర్ల నీలాన్నీ, 640–680 మధ్య ఎరుపునూ పీల్చుకుంటుంది. మామూలు తెల్ల ఎల్‌ఈడీలో నీలానికి లోటుండదు, ఎరుపు కొంత తక్కువైనా మన కాలువల్లో పెరిగే హైడ్రిల్లా, వాలిస్నేరియా వంటి మొక్కలకు అది చాలు. లీటరుకు 15 నుంచి 20 ల్యూమెన్లతో మొదలుపెట్టడం క్షేమం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టెలో సుమారు 55 లీటర్లు పడతాయి కాబట్టి దాదాపు 900 ల్యూమెన్లు ఇచ్చే 9 వాట్ల ఇంటి బల్బు సరిపోతుంది. కాలువ నుంచి తెచ్చిన నాచును మాత్రం శుభ్రంగా కడిగి, కొన్నాళ్లు విడిగా బకెట్లో ఉంచాకే తొట్టెలో వేయాలి. నత్త గుడ్లూ తూనీగ పిల్లలూ దానితోనే వచ్చేస్తాయి.

మొక్కలు లేని తొట్టెలో చేప రంగును బట్టి ఎంచుకోవాలి. గోల్డ్ ఫిష్, ఎర్రని స్వోర్డ్‌టైల్ వంటివి 4000 కెల్విన్ వెలుగులో నిండుగా కనిపిస్తాయి. నియాన్ టెట్రా, నీలం ఫైటర్ వంటివి 6500లో మెరుస్తాయి. అంతకన్నా ముఖ్యమైనది, బల్బు వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్‌ఐ అనే అంకె; అది 80 ఉంటే పరవాలేదు, 90 దాటితే ఎరుపులు నిజంగా ఎరుపులుగా కనిపిస్తాయి. పెట్టె మీద ఆ అంకె లేకపోతే దుకాణంలోనే బల్బు వెలిగించమని అడిగి దాని కింద అరచేయి చాపి, పక్కన ఒక పండుమిరపకాయ పెట్టి చూడండి. చెయ్యి పాలిపోయి బూడిద రంగులో, మిరపకాయ గోధుమ రంగులో కనిపించిందంటే గోల్డ్ ఫిష్ కూడా ఆ బల్బు కింద అలాగే వెలవెలబోతుంది.

వరదల కాలంలో గోదావరి కాలువ నీరు ఎర్రమట్టితో వస్తుంది. తేరుకున్న తరువాత కూడా ఒక్కోసారి లేత పసుపు మిగులుతుంది. తొట్టెలో చెక్క దుంగ వేసినా అదే రంగు దిగుతుంది. అటువంటి నీటిలో 3000 కెల్విన్ బల్బు వేస్తే తొట్టె మొత్తం టీ డికాషన్‌లా కనిపిస్తుంది. అక్కడ 6500 తప్ప మరొకటి వద్దనే నా అభిప్రాయం.

ముదురు నీలం లైట్లు సముద్రపు పగడాల తొట్టెల కోసం తయారైనవి, మంచినీటి తొట్టెకు అక్కర్లేదు. రంగులు మారే లైట్లు పండుగ రోజు కాసేపు చూడటానికి బాగుంటాయి గానీ రాత్రంతా వెలిగించి ఉంచితే చేపలకు విశ్రాంతి ఉండదు. కాలువల్లో దొరికే జెల్ల పిల్లలను పెంచేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అవి చీకటిలో తిరిగి మేత వెతుక్కునే చేపలు.

పాచి పట్టగానే బల్బు రంగును నిందించడం సరికాదు. ఎక్కువ గంటలు వెలిగించడం, కిటికీ ఎండ తగలడం, మిగిలిపోయిన మేత కుళ్లడం అసలు కారణాలు. రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు. టైమర్ పెడితే మరచిపోయే భయం ఉండదు, అయితే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాని గడియారాన్ని సరిచూసుకోవాలి. పాత ఫిలమెంటు బల్బులు నీటిని వేడెక్కిస్తాయి కనుక మే నెల ఎండల్లో అవి ఎంతమాత్రం పనికిరావు. తీగను ప్లగ్గు కన్నా కిందికి వేలాడేలా వంపు తిప్పి పెడితే, తీగ వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. తొట్టెలో చెయ్యి పెట్టే ముందు స్విచ్ తప్పకుండా ఆపండి.

కొత్త బల్బు బిగించిన మొదటి వారం రోజుకు 5 గంటలే వెలిగించి, ఆకులు కొత్త చిగురు వేస్తున్నాయా, గాజు మీద పచ్చని పొర పేరుకుంటోందా అని గమనిస్తూ వారానికి ఒక గంట చొప్పున పెంచుకుంటూ వెళ్లండి. పొర కనిపించిన వారం పెంచకండి.