ముందు ఆఖరి గుండీ
చెన్నైలో స్పెషల్ బీఎడ్ (వైకల్యం ఉన్న పిల్లలకి నేర్పే టీచర్ల కోర్సు) ప్రాక్టీస్‌కి వెళ్తున్నారా? 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాలు పరీక్షకి ఎలాగూ చదువుతారు, మొదటి వారం మాత్రం టెన్షన్ పడకుండా పిల్లాడి పక్కన కూర్చుని చూడండి చాలు.

చొక్కా గుండీలు నేర్పాలంటే వెనకనుంచి రండి: అన్నీ మీరే పెట్టేసి, ఆఖరిదాన్ని కూడా కాజాలో సగం దూర్చి, ఆ మిగతా సగం లాగడం మాత్రం వాడికి వదిలేయండి. పని వాడి చేతుల్లోనే పూర్తవుతుంది కదా, అప్పుడా మొహం చూడాలి! అది కుదిరాక ఆఖరి గుండీ మొత్తం, తర్వాత చివరి రెండు. నేనేమో తొందరపడి పై గుండీతో మొదలుపెట్టాను, మూడో రోజుకి చొక్కా చూస్తేనే ఏడ్చాడు.

తెలుగువాళ్ల పిల్లలైతే ఇంట్లో ఏ మాట వాడతారో అమ్మని అడగండి. తమిళంలో ‘తణ్ణి’ అంటే పలకని పిల్ల, ‘నీళ్లు’ అనగానే గ్లాసు అందుకుంది.