మంచాన పడిన పెద్దవారికి ప్రభుత్వ సాయం: ఏ కాగితం ముందు, ఏది తర్వాత

ఇంట్లో పెద్దవారు మంచాన పడితే ప్రభుత్వం నుంచి అందగల సాయం ఒక్కచోట దొరికేది కాదు. పింఛను ఒక శాఖది, వైకల్య ధ్రువపత్రం మరో శాఖది, చక్రాల కుర్చీ కేంద్రానిది, ఆసుపత్రి ఖర్చు ఇంకో పథకానిది. వీటిని కుటుంబమే వరుసగా కూడగట్టుకోవాలి, అందులో వరుస తప్పితే నెలలు వృథా అవుతాయి.

మొదట చూడవలసింది ఆధార్. పుట్టిన తేదీ తెలియని పెద్దవారికి నమోదు సమయంలో అంచనా వయసు వేసి జనవరి 1 అని రాసిన కార్డులు మన ఊళ్లలో కొల్లలు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛనుకు సాధారణంగా 60 ఏళ్లు, తెలంగాణలో 57 ఏళ్లు నిండాలి కనుక, కార్డులో వయసు తక్కువ పడినవారు అర్హత ఉండీ ఆగిపోతారు. పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు కాబట్టి సరైన ఆధారం చేతిలో పెట్టుకునే వెళ్లాలి. ఫోన్ నంబరు కూడా ఇంట్లో అందుబాటులో ఉండేవారిది ఉండాలి, ఎక్కడో దూరంగా ఉన్న కొడుకు నంబరు ఇస్తే ఓటీపీ కోసం ప్రతిసారీ అతనికి ఫోన్ చేయవలసి వస్తుంది.

అసలు కీలకం వైకల్య ధ్రువపత్రం. వైకల్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి గానీ, దివ్యాంగుల గుర్తింపు కార్డు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ యూడీఐడీ పోర్టల్ ద్వారా గానీ ముందుగా స్లాట్ తీసుకోవాలి; మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లోనైతే గ్రామ, వార్డు సచివాలయంలో కూడా అడగవచ్చు. పక్షవాతం వంటి నరాల జబ్బుల్లో వైకల్యం స్థిరపడిందో లేదో తేలడానికి సాధారణంగా ఆరు నెలలు ఆగిన తర్వాతే వైకల్య శాతం నిర్ణయిస్తారు. ఆధార్ సవరణ, బ్యాంకు ఖాతా పనులు పూర్తి చేసుకోవడానికి ఆ వ్యవధి సరిపోతుంది. స్లాట్ రోజున డిశ్చార్జి సమ్మరీ, స్కానింగ్ రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ అన్నీ ఒకే సంచిలో పెట్టుకుని వెళ్లాలి. రోగి మంచం మీద ఎలా తిరుగుతున్నారో, అన్నం ఎవరు తినిపిస్తున్నారో, మరుగుదొడ్డికి ఎలా తీసుకువెళుతున్నారో వైద్యుడికి విడమరచి చెప్పాలి. పెద్దవారు కొత్తవారి ముందు ‘నాకేం, బాగానే ఉన్నాను’ అనడం సహజం, ఆ మాట శాతాన్ని తగ్గించేస్తుంది. చేతికి వచ్చిన పత్రం శాశ్వతమైనదో తాత్కాలికమైనదో అక్కడికక్కడే చూసుకోవాలి, ఎందుకంటే తాత్కాలిక పత్రం గడువు ముగిస్తే పింఛను కూడా చిక్కులో పడుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటే పింఛను మొత్తంలో తేడా అంత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు కాగా, దివ్యాంగులకు 6,000, పక్షవాతంతో మంచానికి లేదా చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి 15,000 రూపాయలు నిర్ణయించారు. తెలంగాణలో వృద్ధులకు 2,016, దివ్యాంగులకు 2023 జూలై నుంచి 4,016 రూపాయలు. ఇప్పటికే వృద్ధాప్య పింఛను వస్తోంది కదా అని ఊరుకోకుండా, ధ్రువపత్రం రాగానే వర్గం మార్చమని ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలోనూ, తెలంగాణలో ఎంపీడీవో లేదా మునిసిపల్ కార్యాలయంలోనూ రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోవాలి. రెండు పింఛన్లూ కలిపి ఇవ్వరు. భూమి, ఆదాయం వంటి అర్హత షరతులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

అన్నదమ్ములు వంతులు వేసుకుని తల్లిదండ్రులను చూసుకునే ఇళ్లలో ఒక చిక్కు తరచూ వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను ప్రతి నెలా ఇంటి వద్దే చేతికి ఇస్తారు. అమ్మ హైదరాబాదులో చిన్నకొడుకు దగ్గర ఉంటే ఊళ్లో తీసుకునేవారు ఉండరు. వరుసగా ఒకటి రెండు నెలలు తప్పినా తర్వాత బకాయితో తీసుకునే వీలుంది గానీ, అంతకు మించి సాగదీయడం మంచిది కాదు. రాష్ట్రంలోనే మరో ఊరికి మారితే ఆ సచివాలయానికి బదిలీ పెట్టుకోవడం మేలు.

వాకరు, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, కళ్లద్దాలు, పళ్ల సెట్టు వంటివి రాష్ట్రీయ వయోశ్రీ పథకం కింద 60 ఏళ్లు దాటి, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న లేదా నెలకు 15,000 రూపాయలకు మించని ఆదాయం గల పెద్దవారికి ఉచితంగా ఇస్తారు. 2017లో ఈ పథకం మొదలైంది మన నెల్లూరు జిల్లాలోనే. ఇవి శిబిరాల్లో పంచుతారు కనుక తేదీల కోసం జిల్లా సంక్షేమ కార్యాలయంలో వాకబు చేస్తుండాలి.

70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు కింద ఏటా కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స ఉంది. అయితే అది ఆసుపత్రిలో చేరినప్పటికే. రోజూ వేసుకునే మందులకు, ఇంట్లో పెట్టుకున్న ఆయాకు ఇచ్చే జీతానికి వర్తించదు. ఇంటి దగ్గర పుండ్లకు కట్టు, బీపీ, షుగరు పరీక్షల కోసం ఆశా కార్యకర్తకు చెప్పి, మంచాన పడినవారి జాబితాలో పేరు రాయించాలి. ఈ పని ఎవరూ తమంతట తాము చేసిపెట్టరు.

పిల్లలే చూడకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో అధ్యక్షత వహించే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయవచ్చు; ఆ చట్టంలో పోషణ భత్యానికి నెలకు 10,000 రూపాయల పరిమితి ఉంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే వృద్ధుల సహాయవాణి 14567 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఇల్లో పొలమో పిల్లల పేరున రాయదలచినవారు, తమను పోషించాలన్న షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించాలి. ఆ షరతు కాగితం మీద ఉంటే, చూడడం మానేసినప్పుడు ఆ బదిలీని రద్దు చేయమని అదే ట్రిబ్యునల్‌ను అడగడం తేలికవుతుంది.