పేరు తెలియని లిల్లీని గుర్తుపట్టడం ఎలా?

కడియపులంక నర్సరీల్లో "ఇదేం లిల్లీ అండి?" అని అడిగితే "రెడ్ లిల్లీ అండి, బాగా పూస్తుంది" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. పక్కింటి పిన్నిగారు ఇచ్చిన పిలకకైతే ఆ మాత్రం పేరు కూడా ఉండదు. కోనసీమ పెరళ్లలో ఏళ్ల తరబడి పూస్తున్న లిల్లీల్లో చాలావాటి సంగతి ఇంతే. పేరు కనుక్కోవడానికి ఒక వరస ఉంది. అందులో రంగు చిట్టచివర చూడాల్సిన విషయం. అందరూ ముందు చూసేది దాన్నే కాబట్టి తికమకంతా అక్కడే మొదలవుతుంది.

పూల మార్కెట్లో కిలోల లెక్కన అమ్మే లిల్లీ నేలసంపెంగ, దాని గొడవ ఇక్కడ లేదు. పీస్ లిల్లీ, కాలవలోని కలువ, మెట్టతామర కూడా పక్కన పెట్టేద్దాం.

ముందు పువ్వుని వెనక్కి తిప్పండి

పొద్దున్నే, ఎండ ముదరకముందు, పూర్తిగా విచ్చిన పువ్వు ఒకటి కోయండి. రేకలన్నీ కలిసి కాడకి అతుక్కునే చోట, వాటికి కింద, ఆకుపచ్చని చిన్న ఉబ్బు ఉందా? అదే అండాశయం, తర్వాత కాయ అయ్యేది. ఉబ్బు రేకలకి కింద ఉంటే మీ మొక్క అమరిల్లిస్ కుటుంబానిది. వెనక ఏమీ లేకుండా, ఆ పచ్చటి భాగం పువ్వు లోపల కేసరాల మధ్య ఉంటే అది అసలు లిల్లీ అయినా కావాలి, డే లిల్లీ అయినా కావాలి, అగ్నిశిఖ అయినా కావాలి.

ఇక్కడ తొందరపడకూడదు. స్పైడర్ లిల్లీకి, విషముంగలికి రేకల కింద సన్నటి పొడుగాటి గొట్టం ఉంటుంది. ఉబ్బు ఆ గొట్టానికి కూడా కింద, కాడ కొసన ఉంటుంది. గొట్టాన్నే కాడ అనుకుంటే అది కంటపడదు. అనుమానంగా ఉంటే కాడతో సహా పువ్వుని బ్లేడుతో నిలువునా చీల్చి చూడండి. డే లిల్లీ సంగతి తేల్చుకోవడానికి కూడా ఈ చీల్చడమే దారి, ఎందుకంటే దాని అండాశయం రేకల మొదట్లో ఉండే చిన్న గొట్టం లోపల దాక్కుని ఉంటుంది.

కోసిన తర్వాత చేతులు కడుక్కోండి. ఈ మొక్కల్లో చాలావరకు విషం ఉన్నవే. అగ్నిశిఖ దుంపలో ఉండే కాల్చిసిన్ ప్రాణం తీయగలదు. ఇంట్లో పిల్లి ఉంటే అసలు లిల్లీ, డే లిల్లీ దాని దరిదాపుల్లో పెట్టొద్దు, వాటి పుప్పొడి నాకినా కిడ్నీలు దెబ్బతింటాయి.

తర్వాత కాడ, దుంప

పూకాడ మీద కింది నుంచి పైదాకా ఆకులుంటే అది అసలు లిల్లీ, అంటే లిలియం. దాని దుంపకి పైపొర ఉండదు, దళసరి పొలుసులు విడివిడిగా ఉంటాయి. కానీ ఈ దుంపలు పూయాలంటే ముందు చలి తగలాలి. కాబట్టి మీ పెరట్లో ఏటా దానంతటదే లేచి పూస్తున్న లిల్లీ దాదాపుగా లిలియం కాదు. అగ్నిశిఖనైతే ఎవరూ పొరబడరు, ఆకు కొసలు మీసాల్లా తిరిగి దేన్నైనా చుట్టుకుని పాకుతుంది.

ఆకులన్నీ నేల దగ్గరే ఉండి, పూకాడ నున్నగా లేచి, దుంప కోస్తే ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉంటే అమరిల్లిస్ కుటుంబమని ఇంకోసారి రూఢి అయినట్టే. దుంపే లేకుండా ఊరిన వేర్లుండి, ఏ పువ్వు ఆ రోజే వాడిపోతుంటే డే లిల్లీ.

ఇప్పుడు పూకాడని అడ్డంగా కోయండి. లోపల బోలుగా ఉండి, పైన రెండు నుంచి ఆరు దాకా పెద్ద పువ్వులుంటే హిప్పియాస్ట్రం. మన నర్సరీలు అమరిల్లిస్ అని అమ్మేది దీన్నే. లోపల గట్టిగా, నిండుగా ఉండి, గుత్తిగా చాలా పువ్వులుంటే క్రైనం కావచ్చు, విషముంగలి కూడా ఒక క్రైనమే. కాడకి ఒక్కటే చిన్న పువ్వుండి, మృగశిర చినుకులు పడ్డాక గుంపుగా లేస్తే రెయిన్ లిల్లీ. మే ఎండల్లో ఒకే కాడ మీద వందకి పైగా చిన్న ఎర్రపూలు గుండ్రంగా విచ్చుకుంటే ఫుట్‌బాల్ లిల్లీ. దానికి ఇక పరీక్షలేమీ అక్కర్లేదు.

తెల్లటి సన్నరేకల దగ్గరే జనం ఎక్కువగా పొరబడతారు. స్పైడర్ లిల్లీ, విషముంగలి రెండూ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. పువ్వు మధ్యలో కేసరాల అడుగులన్నిటినీ కలుపుతూ పల్చటి తెల్లని గిన్నె ఉంటే స్పైడర్ లిల్లీ. గిన్నె లేకుండా కేసరాలు దేనికది విడిగా ఉండి, వాటి కాడలు ఊదాఎరుపుగా ఉంటే విషముంగలి. తెల్లరేక మధ్యలో గులాబీ చార ఉండి గంటలా వంగిన పువ్వైతే అదీ క్రైనమే, కానీ వేరే జాతి.

హిప్పియాస్ట్రం అని తేలితే

అసలు పని ఇక్కడే ఉంది, ఎందుకంటే డెల్టాలో పేరు లేకుండా తిరిగే ఎర్ర లిల్లీల్లో ఎక్కువ ఇవే. నారింజ ఛాయ ఉన్న ఎరుపు, గొంతులో లేత పసుపుపచ్చని నక్షత్రం, కాడకి రెండు మూడు పువ్వులు, పిలకలు విపరీతంగా పెట్టే గుణం ఉంటే అది హిప్పియాస్ట్రం పునిసియం. పాత ఇళ్ల అరుగుల పక్కన, బావి గట్టు మీద గుంపులుగా కనిపించేది చాలాచోట్ల ఇదే. ఆకు మధ్యలో నిలువునా తెల్లచార, పువ్వు మీద గులాబీరంగు వల ఉంటే రెటిక్యులేటం. ముదురు ఎరుపు రేకల మధ్య తెల్లచార ఉంటే జాన్సోనీ కావచ్చు. 1799లో ఇంగ్లండ్‌లో జాన్సన్ అనే గడియారాల పనివాడు రెండు జాతుల్ని కలిపి పుట్టించిన రకం అది, హిప్పియాస్ట్రం సంకరాల్లో మొదటిదిగా చెబుతారు.

అరచేతికి మించిన పెద్ద పువ్వైతే డచ్ సంకరం అయ్యుంటుంది. అప్పుడు జోరు తగ్గించాలి. నిండు ఎరుపు చూడగానే రెడ్ లయన్ అనేస్తారు, ఫెరారీ కూడా ఎరుపే. తెలుపు మీద గులాబీ ఉన్న ప్రతిదీ ఆపిల్ బ్లాసమ్ కాదు. దుంపతో చీటీ రాకపోతే, ఎక్కడ నుంచి వచ్చిందో తెలియకపోతే, ఫొటో చూసి సంకరం పేరు ఖాయం చేయడం కుదరదు. పైగా అది గింజ నుంచి మొలిచిందైతే దానికి అసలు పేరే ఉండదు. పిలక మాత్రం అచ్చం తల్లిలాగే ఉంటుంది, కాబట్టి మీకు దుంప ఇచ్చినవాళ్లు దాన్ని ఎక్కడ కొన్నారో కనుక్కోవడం వంద ఫొటోలకంటే మేలు.

ఫొటోలు, కొలతలు

ఎవరినైనా అడగాలన్నా, ప్లాంట్‌నెట్ లాంటి యాప్‌లో పెట్టాలన్నా పువ్వు ముఖం ఒక్కటీ సరిపోదు. వెనకవైపు, పక్కవైపు, కోసిన కాడ, ఆకు మొదలు, వీలైతే దుంప, అన్నీ తీయండి. నీడలో తీయండి, పక్కన తెల్లకాగితం, స్కేలు పెట్టండి. మిట్టమధ్యాహ్నం ఫోన్లో ఎరుపు నారింజగా పడుతుంది. యాప్ జాతి దాకా తీసుకెళ్తే చాలు, సంకరం పేరు చెబితే నమ్మకండి. కొత్తగా నాటిన దుంప మొదటి పూత చూసి కొలతలు రాసుకోవద్దు, రెండో ఏడు దాకా ఆగండి. నీడలో ఉన్న మొక్కకి కాడ పొడుగు సాగుతుందని కూడా గుర్తుంచుకోండి.

పోల్చుకోవడానికి నమోదు జాబితాలున్నాయి. లిలియం రకాల్ని లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ నమోదు చేస్తుంది, హిప్పియాస్ట్రం రకాల్ని నెదర్లాండ్స్‌లోని దుంపల పెంపకందారుల సంఘం చూస్తుంది.

చివరికి కుండీలో చీటీ గుచ్చండి. ఖాయంగా తేలినంతవరకే రాయండి: "హిప్పియాస్ట్రం, ఎరుపు, రకం తెలియదు." కింద ఎవరిచ్చారో, ఏ ఊరి నుంచో, ఏ సంవత్సరమో, ఏ నెలలో పూసిందో. పెన్సిల్‌తో రాస్తే మంచిది, మార్కర్ ఇంకు మన ఎండకి వెలిసిపోతుంది.