మిక్సీ సూట్‌కేసుల పెట్టే ముందు దాని అడుగుకు ఏం రాసుందో చూడుండ్రి

మన వరంగల్ దిక్కు చానా ఇండ్లల్ల ఎవరో ఒకరు బయటి దేశంల ఉన్నోళ్లే, పిల్లలు ఎమ్మెస్‌కు అమెరికా పోతరు, జగిత్యాల సిరిసిల్లోళ్లు దుబాయ్ సౌదీ పోతరు, ఇగ అమ్మానాన్నలు బిడ్డ కాన్పుకని ఆర్నెల్లు పోయొస్తరు. తొక్కులు సకినాలతోని పాటు ఒక మిక్సీయో రైస్ కుక్కరో కూడా కడతరు, దాని పక్కన ఒక అడాప్టర్ పడేస్తరు, ఇగ ఫికరు లేదనుకుంటరు. అడాప్టర్ పిన్ను ఆకారం మారుస్తది, గంతే. వోల్టేజ్ జోలికి అది పోదు.

మన ఇంటికొచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా, కెనడాల 120 వోల్టులు, 60 హెర్ట్జ్. దుబాయ్, ఖతార్, లండన్, సింగపూర్, జర్మనీ, ఆస్ట్రేలియా అన్ని మన లెక్కనే 230 దగ్గర దగ్గర, ఆడ పిన్ను పంచాయితే తప్ప వోల్టేజ్ పంచాయితీ లేదు. సౌదీల కూడా ఇప్పుడు 230 కే మారుతుండ్రు కానీ పాత బిల్డింగులల్ల 127 వోల్టుల లైన్ ఉండొచ్చు, రూముల ముందు నుంచి ఉంటున్నోళ్లను అడిగినంకనే ఏదన్న పెట్టుండ్రి.

ఇప్పుడు సామాన్ తిరగేసి అడుగున స్టిక్కర్ చూడుండ్రి. ఫోన్ చార్జర్, లాప్‌టాప్ చార్జర్ మీద 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని సన్నగ రాసుంటది, అట్లుంటే ఏ దేశమైనా అడాప్టర్ ఒక్కటి చాలు. నిద్రల ఊపిరి సరిగ ఆడేటందుకు నాన్న రాత్రి ముఖానికి పెట్టుకునే సీపాప్ మెషిన్ ఉంటే అది కూడా ఎక్కువ శాతం ఇట్లనే ఉంటది, అయినా చూస్కోండ్రి. ఒట్టి 230 అనో 220-240 అనో ఉంటే మాత్రం అది అమెరికాల పనికిరాదు.

ఎందుకంటే వేడిచేసే సామాన్‌కు వోల్టేజ్ సగమైతే వేడి సగం కాదు, పావువంతుకు పడిపోతది. ఇక్కడ 700 వాట్లు తీసుకునే రైస్ కుక్కర్ ఆడ 190 వాట్ల దగ్గర కూసుంటది, గంట చూసినా బియ్యం నీళ్లల్లనే ఉంటయి. మిక్సీ అయితే తిరుగుతది కానీ పప్పు పడంగనే మూలుగుతది, ఆగిపోతది, మోటర్ వేడెక్కి కాలిన వాసన వస్తది. వోల్టేజ్ పెంచే స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు కదా అంటరు, పెట్టొచ్చు, కానీ మోటర్ స్టార్టింగ్‌ల ఎక్కువ గుంజుతది కాబట్టి 750 వాట్ల మిక్సీకి దాదాపు 1500 వాట్లది కావాలె, అది ఇనుప ముద్ద, మోసుడే పెద్ద పని. నన్నడిగితే మన షాపులల్లనే అమెరికా కోసమని అమ్మే 110 వోల్టుల మిక్సీ దొరుకుతది, అది కొనుండ్రి. రైస్ కుక్కర్, కెటిల్ ఆడనే చీప్‌గ వస్తయి. నీళ్ల హీటర్ రాడ్ మాత్రం ఏ దేశానికీ వద్దు, ఆడ నల్లాల వేడినీళ్లే వస్తయి.

అమెరికాల ఇంకోటి, గోడకు సాకెట్ ఉంటది కానీ పక్కన స్విచ్ ఉండదు. మనకేమో స్విచ్ బంద్ చేసి ప్లగ్ గుంజుడు అలవాటు. ఆడ ముందు మిక్సీ బటన్ బంద్ చేసి, చేతులు తుడుచుకుని, వైర్ కాకుండా ప్లగ్ పట్టుకుని గుంజాలె. కిచెన్ల, బాత్రూంల సాకెట్ నడుమ టెస్ట్, రీసెట్ అని రెండు చిన్న బటన్లుంటయి. కరెంటు ఎటన్న లీకయితే షాక్ మనిషి ప్రాణం మీదికి రాకముందే అది లైన్ కట్ చేస్తది. సాకెట్ చచ్చిపోయిందని పరేషాన్ కాకుండా ప్లగ్ తీసి రీసెట్ నొక్కుండ్రి, మళ్ల పెట్టంగనే మళ్ల కట్టయితే తప్పు మీ సామాన్‌ల ఉంది, దాన్ని పక్కన పెట్టుండ్రి.

గల్ఫ్ రూములల్ల కథ వేరే. దుబాయ్, ఖతార్ల సాకెట్లు లండన్ల లెక్క మూడు చదరపు పిన్నులయి, పైన ఎర్త్ పిన్ను పొడుగ్గ ఉంటది, అది లోపలికి పోతేనే కింది రెండు బొక్కల మూతలు తెరుచుకుంటయి. మనోళ్లు ఏం చేస్తరంటే పై బొక్కల పెన్నో స్క్రూడ్రైవరో పొడిచి, మూతలు తెరిచి, మన గుండ్రటి రెండు పిన్నుల ప్లగ్ దూరుస్తరు. పనైతే చేస్తది. కానీ ఆ చదరపు ప్లగ్ లోపల 3 ఆంపియర్లదో 13 ఆంపియర్లదో ఫ్యూజ్ ఉంటది, వైర్ మాడిపోకుండా కాపాడేది అదే, మీరు నేరుగ దూర్చినంక అది లేనట్టే, పైగ పిన్ను లూజుగ ఉండి చిటచిటమని మెరుపులొచ్చి సాకెట్ నల్లబడతది. ఫ్యూజున్న అడాప్టర్ పెద్ద రేటేం కాదు. లాప్‌టాప్‌కు మూడు పిన్నులుండి, ఎర్త్ పిన్ను సాకెట్ ఎర్త్‌కు కలిసే అడాప్టరే కొనాలె, ఎర్త్ లేకపోతే ఇనుప బాడీ మీద చెయ్యి పెడితే జివ్వుజివ్వుమంటది.

ఆ సాకెట్ మోసేది 13 ఆంపియర్లే, అంటే 3000 వాట్ల దాకా. ఒకే ఎక్స్‌టెన్షన్ డబ్బాకు 1500 వాట్ల హాట్ ప్లేట్, 2000 వాట్ల కెటిల్ కలిపి పెడితే దాటిపోయినట్టే. ప్లగ్ మీద చెయ్యి పెడితే కాలుతుంటే వెంటనే బంద్ చేయుండ్రి, డబ్బాను పరుపు కింద, బట్టల కింద అస్సలు పెట్టొద్దు.

పవర్ బ్యాంక్ లగేజీల వేయొద్దు, చేతి బ్యాగులనే, 100 వాట్-అవర్ల లోపుదే. 20000 ఎంఏహెచ్‌ది 74 వాట్-అవర్లయితది కాబట్టి పర్వాలేదు, ఎన్ని తేవొచ్చో, విమానంల వాడనిస్తరో లేదో టికెట్ కొన్న ఎయిర్‌లైన్ రూల్ చూస్కోవాలె.

ఇగ వచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్త, ఎందుకంటే ఉల్టా అయితది. అమెరికాల కొన్న 120 వోల్టుల హెయిర్ డ్రయ్యర్ హనుమకొండల ఇంట్ల ప్లగ్గుకు పెడితే దాదాపు నాలుగింతల వేడి గుంజి నిమిషంల మాడిపోతది. వోల్టేజ్ మార్చే చిన్న స్విచ్ ఉన్న డ్రయ్యర్లు కూడా ఉంటయి, ఆడ 125 మీద పెట్టి వాడింది ఇక్కడికి రాంగనే 250 కి తిప్పాలె, చానా వాటికి అది నాణెం అంచుతోనో స్క్రూడ్రైవర్‌తోనో తిరుగుతది, ప్లగ్ తీసి ఉన్నప్పుడే తిప్పుండ్రి.